ఇతర వాసనలు: ఏమీ లేదు

మా పిన్ని పనిచేసే చోట గుమ్మం పక్కనే ఒక పుస్తకం ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ పొద్దున్నే అందులో తన వాసన రాసి వెళ్లాలి. ఉత్త సంతకంతో అక్కడ పని జరగదు. ఏ సబ్బుతో స్నానం చేశారు, తలకు ఏ నూనె రాశారు, రాత్రి ఉల్లిపాయ తిన్నారా, దారిలో సిగరెట్ తాగేవాడి పక్కన నిలబడ్డారా, ఇంట్లో పసిపిల్లను ఎత్తుకున్నారా, అన్నీ గడుల్లో నింపాలి. ఆఖరి గడి పేరు 'ఇతర వాసనలు'. ఆ గడిలో ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి రాయాల్సి వచ్చేది. మా పిన్ని మాత్రం పంతొమ్మిదేళ్లు ఒకే మాట రాసింది: ఏమీ లేదు.

పంతొమ్మిదేళ్లు! నాకైతే ఒక పూట కూడా సాధ్యం కాదు. నేను గుమ్మం దిగకముందే పౌడరు, సెంటు, తలనూనె అన్నీ కలిసి వీధి చివరికి వెళ్లి నాకోసం ఎదురుచూస్తుంటాయి.

పిన్నిది దోమల గది. జ్వరాలు మోసుకొచ్చే దోమలు మనిషిని ఎలా వాసన పడతాయో కనిపెట్టే పరిశోధనశాలలో దోమలను పెంచడం ఆవిడ ఉద్యోగం. కాగితం మీద ఆరిన గుడ్లను పళ్లేల్లో నానబెట్టడం, పుట్టిన పురుగులకు చిటికెడు చేపల మేత చల్లడం, రెక్కలొచ్చినవాటిని వల పెట్టెల్లోకి మార్చి పంచదార నీళ్లలో తడిపిన దూది పెట్టడం, రోజంతా ఇదే పని. చంటిపిల్లల గదిలో ఆయా ఎంత హడావిడిగా ఉంటుందో అక్కడ పిన్ని అంత హడావిడిగా ఉంటుంది. మా వీధిలో ఆవిడ పేరు దోమలమ్మగారు. ముందు ఆ పేరు పెట్టిన కుర్రాళ్లను చీపురు పట్టుకుని తరిమింది. తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పలకడం మానేసింది.

ఇంట్లో మా పాట్లు పగవాడికి కూడా వద్దు. పిన్ని బట్టలు మా బట్టలతో కలవకూడదు. వాటికి వేరే ఇనప్పెట్టె, వేరే దండెం, వేరే బక్కెట్టు. పరిశోధనశాల వాళ్లు ఇచ్చే సబ్బు ఒకటుంది. వాసనా లేదు, నురుగూ లేదు, చూడ్డానికి సుద్దముక్క. అమ్మ ఉల్లిపాయలు వేయించాలంటే ముందు "చెల్లీ, తలుపేసుకోవే!" అని కేక పెట్టాలి.

"ఈ ఇంట్లో దోమలకున్న మర్యాద మనుషులకు లేదు" అని నాన్న అప్పుడప్పుడు వాపోయేవాడు.

"ఎలా ఉంటుంది బావగారూ? దోమ వంద అడుగుల దూరం నుంచి మనిషి ఊపిరి పసిగడుతుంది. మీరు పొయ్యిమీద పాలు మాడినా పేపరులోంచి తల ఎత్తరు" అనేది పిన్ని.

ముక్కు మీద కోపం ఆవిడకు. ఉద్యోగంలో చేరిందే కోపంతో. నాకు ఏడేళ్లప్పుడు దోమకాటు జ్వరం వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. పిన్నికప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ పదకొండు రోజులూ నా మంచం దిగలేదు. నేను బతికి బయటపడ్డాక, "దీన్ని ఇంత బాధపెట్టినవాటి అంతు చూస్తాను" అని శపథం పట్టి, దోమల పరిశోధనశాలలో ఖాళీ ఉందని తెలిసి పరిగెత్తింది. అంతు చూడ్డానికి వెళ్లిన మనిషి వాటికి నీళ్లు పెట్టి, మేత పెట్టి, తరం తర్వాత తరం పెంచి పెద్దచేసింది. పగవాళ్లను పోషించే ఉద్యోగం చేసిన మనిషి మా వంశంలో ఈవిడ ఒక్కర్తే.

దోమల గురించి ఆవిడ చెబుతుంటే అన్నం చల్లారిపోయేది. "దోమకి ముక్కుండదే. మీసాలుంటాయి. వాటితోనే వాసన చూస్తుంది. కుట్టేది ఆడదే. మగవాడికీ గుబురు మీసాలుంటాయి, కానీ అవి ఆడదాని రెక్కల చప్పుడు వినడానికి. వాడికి నెత్తురొద్దు, ఇంత తీపి దొరికితే చాలు, భార్య రెక్క ఎక్కడ కదిలిందా అని చెవులు రిక్కించి కూర్చుంటాడు. చూశావా అక్కా, దోమల్లో కూడా ఎంత బుద్ధిమంతులున్నారో" అని ఓరగా నాన్నవైపు చూసేది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు చూడు, దోమ దగ్గర అది తిరగబడుతుంది. మీసానికి సంపెంగ నూనె ఘాటు తగిలిందా, మనిషి ఎక్కడున్నాడో తెలీదు, ఇక దానికి మింగ మెతుకు దొరకదు."

పిన్నికి పెంపకం కాకుండా ఇంకో గొప్ప ఉంది. ఆవిడ ఎడమచెయ్యి. ఆ పరిశోధనశాలలో దాని పేరు ఒకటో నంబరు చెయ్యి. అక్కడొక పొడవాటి గాజు గొట్టం ఉంటుంది. ఒక చివర ఆకలితో ఉన్న ముప్ఫై ఆడదోమలను వదులుతారు. రెండో చివర గొట్టం రెండుగా చీలుతుంది. ఒక నోటి దగ్గర పిన్ని చెయ్యి పెడుతుంది, రెండో నోటి దగ్గర ఇంకొకరు. మధ్యలో సన్నటి వల అడ్డం ఉంటుంది కాబట్టి కుట్టవు, గాలి మాత్రం చేతుల మీదుగా దోమలవైపు వీస్తుంది. ఎవరి వాసన నచ్చితే అటు వెళ్లి వాలతాయి. పిన్ని చెయ్యి పెడితే ముప్ఫైలో ఇరవై ఆరు ఆవిడవైపే. ఒకటి అటూ ఇటూ కావచ్చు గానీ ఇరవై అయిదుకు ఎన్నడూ తగ్గలేదు. అందుకని దోమలను దూరంగా ఉంచే మందు ఏది కొత్తగా తయారైనా ముందు ఆ చేతికి రాసి చూడాలి. బంగారానికి గీటురాయి ఎలాగో దోమల మందుకు మా పిన్ని చెయ్యి అలాగ. ఆ వాసన మారకుండా ఉండడం కోసమే ఈ తలుపులు, దండేలు, సుద్దముక్క సబ్బు అన్నీ.

దాంతో పెళ్లి మాట వెనకబడింది. వచ్చిన ఒకరిద్దరు పెళ్లికొడుకులు సెంటు కొట్టుకొచ్చి కిటికీ అవతల కూర్చోవలసి వచ్చింది. నలభై ఒకటో ఏడు వచ్చేసరికి అమ్మ కూడా అడగడం మానేసింది.

అప్పుడు పిన్ని రోజూ పనికి వెళ్లే బస్సులోకి సబ్బులాయన ఎక్కాడు.

మామూలుగా ముక్కూ మొహం తెలియని మనిషి అంటాం కదా. ఆయన మొహం తెలియకముందే బస్సు మొత్తానికి ముక్కుతో తెలిశాడు. ఏడూ నలభై బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది, గుప్పున నిమ్మతోట లోపలికొచ్చింది. దాని వెనకాల నలభై అయిదేళ్ల పొడుగాటి మనిషి ఒకాయన, చేతిలో టిఫిన్ డబ్బా. పిన్ని ముందు సీట్లోంచి దిగ్గున లేచింది.

"ఎవరండీ బస్సులో సెంటు సీసా పగలగొట్టింది?"

"పగలగొట్టలేదండీ. నేనే. సబ్బుల ఫ్యాక్టరీలో సువాసన కలిపే పని నాది. ఇరవై ఏళ్లుగా ఒంటికి పట్టేసింది."

"కడుక్కోవచ్చుగా?"

"దేంతో కడుక్కోనండీ? ఏ సబ్బు తీసినా నేను కలిపిందే."

బస్సంతా నవ్వింది. పిన్ని నవ్వలేదు. "అయితే ఆఖరి వరుసలోకి వెళ్లండి. నా దోమలకి మీరు పడరు."

ఆయన డబ్బా పట్టుకుని ఆఖరి వరుసలోకి వెళ్లిపోయాడు. పరీక్షకు వచ్చిన పిల్లాడిని వేరే గదిలోకి పంపితే ఎలా వెళ్తాడో అలా వెళ్లాడని పిన్నే తర్వాత చెప్పింది.

ఆ రోజు నుంచి బస్సులో ఒక కట్టుబాటు ఏర్పడింది. పిన్ని డ్రైవరు వెనక సీట్లో కిటికీ తీసి కూర్చుంటుంది. గాలి ముందునుంచి వెనక్కి వీస్తుంది. ఇద్దరి మధ్య ఆరు వరుసలు. ఆయనకు ఫ్యాక్టరీలో సోమవారం నిమ్మ, మంగళవారం గులాబీ, బుధవారం గంధం. పొద్దుటి బస్సులో వచ్చేది నిన్నటి వాసన కాబట్టి నిమ్మ గుప్పుమంటే ఆవేళ మంగళవారమన్నమాట. కండక్టరు క్యాలెండరు చూడ్డం మానేశాడు.

ముందు ఆయనే అడిగాడు, ఆరు వరుసల అవతలనుంచి, గొంతెత్తి. "దోమలమ్మగారూ, మగదోమ కుట్టదటగా, నిజమేనాండీ?" పిన్నికి ఎవరైనా దోమ గురించి ప్రశ్న అడిగితే ఆగదు. ఒక స్టాపులో మొదలుపెట్టి నాలుగు స్టాపులు చెప్పింది. మర్నాడు ఆయన టికెట్ వెనక ఫోన్ నంబరు రాసి ముందుకు పంపాడు. అది ఆరు వరుసలూ చేతులు మారుతూ, అందరూ చదువుతూ, పిన్ని ఒళ్లోకి చేరింది. అప్పటినుంచి ఒకే బస్సులో కూర్చుని ఒకరికొకరు ఫోన్ చేసుకునేవారు! ముందు సగం బస్సు ఆవిడ మాటలు వినేది. వెనక సగం ఆయన మాటలు వినేది. దిగాక రెండు సగాలూ కలుసుకుని కథ పూర్తిచేసుకునేవి. నేను మా ఆఫీసుకు దారి కాకపోయినా వారానికి రెండుసార్లు ఆ బస్సు ఎక్కేదాన్ని. సిగ్గెందుకు, అంత మంచి కాలక్షేపం ఊళ్లో ఇంకెక్కడా లేదు.

ఒక బుధవారం నేనూ ఉన్నాను. ఆయనేదో అంటున్నాడు, పిన్ని ఫోన్ చెవికి ఆనించుకుని వింటోంది.

"నాకు ముక్కు పోయిందండీ" అంటున్నాడని వెనక సగం ద్వారా తర్వాత తెలిసింది. "ఇరవై ఏళ్లు ఆ గదిలో ఉన్నాక గులాబీకీ గుర్రప్పేడకీ తేడా తెలీదు."

"బాగానే ఉంది" అంది పిన్ని. "మీకు ముక్కు లేదు, నాకు వాసన లేదు. ఇద్దరం సరిపోయాం."

అనేసి నాలుక కరుచుకుంది. అప్పటికే ముందు సగం వినేసింది. వెనక ఆయన లేచి నిలబడ్డాడు. ఫోన్ సంగతే మర్చిపోయాడు.

"సరిపోయామంటే... పెళ్లికేనాండీ?"

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. "నువ్వు ముందు చూసి తోలవయ్యా!" అని కండక్టరు అరిచాడు. డ్రైవరు ముందుకు చూసి, ఎదురుగా లారీ కనబడి, ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. నిలబడ్డ మనిషి ఒక్కడే. ఇన్నాళ్లూ కాపాడుకున్న ఆరు వరుసల దూరాన్ని ఒక్క ఊపులో దాటి, మంగళవారం గులాబీ మొత్తంతో వచ్చి మా పిన్ని మీద పడ్డాడు.

పిన్ని మోచెయ్యి సీటు కమ్మీకి గీసుకుని నెత్తురొచ్చింది. ఆయన కంగారుగా జేబులోంచి రుమాలు తీసి కట్టాడు. ఒట్టి రుమాలా అది? గులాబీ సబ్బుకు అన్నయ్య!

ఆ రోజు పిన్ని పుస్తకం ముందు చాలాసేపు నిలబడిందట. ఏడాదిపాటు సాగే ఒక కొత్త మందు పరీక్ష ముగియడానికి ఇంకా మూడు నెలలుంది. ఒకటో నంబరు చేతి మీదే ఆ పరీక్ష అంతా నడుస్తోంది. రాస్తే చెయ్యి పక్కన పెడతారు. ఎందుకు, ఎవరు అని అడుగుతారు. పిన్ని రుమాలు విప్పి సంచీలో దాచి, సుద్దముక్క సబ్బుతో భుజందాకా మూడుసార్లు కడుక్కుని, ఇతర వాసనల గడిలో రాసింది: ఏమీ లేదు.

గొట్టం దగ్గర చెయ్యి పెట్టింది. ముప్ఫై దోమల్లో ఆవిడవైపు పదకొండు వచ్చాయి.

మనిషిని మోసం చెయ్యొచ్చు గానీ మీసాన్ని మోసం చెయ్యలేం. పసిగట్టేశాయి. డాక్టరమ్మ, అంటే అక్కడి పెద్ద, లెక్క చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చేయించింది. పన్నెండు. మర్నాడు తొమ్మిది. ఆ మర్నాడు పదమూడు. మూడు రోజులూ అంతే. ఎవరూ పిన్నిని అనుమానించలేదు. పంతొమ్మిదేళ్ల 'ఏమీ లేదు'ను ఎవరు అనుమానిస్తారు? డాక్టరమ్మ దోమలనే అనుమానించింది. "ఈ సంతతి పాడైపోయింది. గుడ్లతో సహా అన్నిటినీ శనివారం ఫ్రీజర్లో పెట్టేద్దాం. కొత్త గుడ్లు తెప్పిస్తాను" అంది.

శుక్రవారం సాయంత్రం పిన్ని తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి అన్నం వద్దంది. నేను గదిలోకి వెళ్లేసరికి ఇనప్పెట్టె తెరిచి ఉంది. అందులోంచి, మా ఇంట్లో అందరికీ నిషిద్ధమైన ఆ పెట్టెలోంచి, గులాబీలు.

"ఏంటి పిన్నీ ఇది?"

"గాయానికి కట్టింది."

"గాయం మానిపోయిందిగా."

"కడిగి ఇచ్చేద్దామనుకున్నానే. నాలుగుసార్లు కడిగాను."

"మరి ఇవ్వొచ్చుగా?"

"కడిగిన ప్రతిసారీ మళ్లీ మడతపెట్టి ఇందులోనే పెట్టాను" అంది పిన్ని. అని, ముక్కు సూటి మనిషి కదా, దాచుకోలేక భోరుమంది. "నా మూలాన రేపు వాటన్నిటినీ చంపేస్తారే. పాపం అవి నిజమే చెప్పాయి. అబద్ధం చెప్పింది నేను."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ప్రపంచంలో దోమల కోసం ఏడ్చే మనిషిని ఒక్కర్తిని చూపించండి!

మర్నాడు పొద్దున్నే పిన్ని రుమాలును మూతబిగించిన గాజుసీసాలో పెట్టి, తీసుకెళ్లి డాక్టరమ్మ బల్లమీద పెట్టింది.

"ఏంటిది?"

"నేరం అమ్మా. నాది. దోమలది కాదు."

బస్సు, బ్రేకు, మోచెయ్యి, పెట్టె అన్నీ చెప్పింది. డాక్టరమ్మ రుమాలు తీయించి గొట్టం దగ్గర పెట్టించింది. ముప్ఫైలో ఒక్కటి అటు వెళ్లి, తప్పు తెలుసుకున్నట్టు వెనక్కి వచ్చేసింది. దోమలకు ఉరిశిక్ష రద్దయింది. కానీ డాక్టరమ్మ మొహంలో నవ్వు లేదు.

"దోమ అబద్ధమాడదని వాటిమీద నాకు నమ్మకం. నీమీద అంతకన్నా ఎక్కువ నమ్మకం ఉండేది" అంది. పిన్ని తల వంచుకుంది. డాక్టరమ్మే మళ్లీ అంది: "ఈ పరీక్ష అయ్యేదాకా ఆయన వాసన నీకు సోకకూడదు. తర్వాత నీ ఇష్టం. సెంటు ఫ్యాక్టరీతో కాపురం చేసే చెయ్యి మాత్రం ఇక్కడ చెల్లదు. చెయ్యి కావాలో ఆయన కావాలో తేల్చుకో."

ఆ పెట్టెను వేడినీళ్లతో కడిగి, బట్టలను ఉడకబెట్టాక లెక్క మళ్లీ ఇరవై ఆరుకు వచ్చింది. పిన్ని మాత్రం మామూలు కాలేదు. "నాకు రెండూ కావాలి అక్కా" అంది.

"అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలాగే?" అంది అమ్మ. అన్నదే గానీ ఆవిడ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

సోమవారం బస్సులో పిన్ని ఫోన్‌లో ఈ షరతు చెప్పింది. ముందు సగం విన్నది. వెనక సగానికి మాత్రం వినడానికేమీ దొరకలేదు, ఎందుకంటే ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తర్వాత మూడు రోజులు ఆయన రాలేదు. బస్సులో ఏ వాసనా లేదు. కండక్టరు అది మంగళవారమో గురువారమో తెలియక టికెట్ల మీద తారీఖు తప్పు రాశాడు. పిన్ని కిటికీ మూసుకుని కూర్చుంది.

శుక్రవారం ఎక్కాడు. నేరుగా ఆఖరి వరుసకు వెళ్లి, కూర్చుని, ఫోన్ చేశాడు.

"బట్టల సబ్బు కోసే బల్ల దగ్గరికి మార్పించుకున్నానండీ. దానికి సెంటు కలపరు."

"మీరక్కడ పెద్ద మేస్త్రీ కదండీ! ఇక్కడ?"

"ఇక్కడ తీగ పట్టుకుని ముక్కలు కోస్తాను. అందరికన్నా చిన్నవాణ్ణి. వాళ్లూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను."

ఇరవై ఏళ్ల వాసన ఇరవై రోజుల్లో పోతుందా? అందుకని బస్సు ఒక తీర్మానం చేసింది. వాసన తగ్గినకొద్దీ ఆయన ఒక్కో వరుస ముందుకు రావచ్చు. తీర్పు చెప్పడానికి మూడో వరుసలో కూర్చునే రిటైరైన లెక్కల టీచరుగారిని నియమించారు. ఆయన ముక్కు పొడవు చూసి ఆ పదవి ఇచ్చారు తప్ప వేరే అర్హత లేదు. వారానికోసారి సబ్బులాయన చొక్కా చేతులు మడిచి నిలబడితే, టీచరుగారు కళ్లు మూసుకుని మోచేతినుంచి మణికట్టుదాకా వాసన చూసి, "ఇంకా గంధం ఉంది. ఫెయిల్" అనేవారు. బస్సు ఉసూరుమనేది. "గంధం పోయింది, గులాబీ నూటికి ముప్ఫై. పాస్" అంటే చప్పట్లు. నాలుగో వరుస దగ్గర నెలరోజులు ఆగిపోయాడు. ఎంత స్నానం చేసినా గులాబీ వదలదు. చివరికి కండక్టరు వంగి చూసి, "చెప్పులండీ! దాచుకున్నదంతా చెప్పుల్లో ఉంది!" అని కనిపెట్టాడు. కిటికీలోంచి విసిరేశారు. ఆ రోజు ఆయన వట్టికాళ్లతో ఫ్యాక్టరీకి నడిచాడు, చాలా సంతోషంగా.

పరీక్ష ముగిసిన వారంలోనే టీచరుగారు ఆఖరి తీర్పు ఇచ్చారు: "ఈ మనిషికి ఏ వాసనా లేదు." సబ్బులాయన వచ్చి పిన్ని పక్క సీట్లో కూర్చున్నాడు. ఇద్దరికీ ఫోన్ లేకుండా ఎలా మాట్లాడుకోవాలో తెలియలేదు. నేను వెనక సీట్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. రెండు స్టాపులు గడిచాయి. ఆయన హఠాత్తుగా ముక్కు ఎగబీల్చాడు.

"ఏదో వాసన వస్తోందండీ."

పిన్ని ఉలిక్కిపడింది. కొంగు వాసన చూసుకుంది, చేతులు చూసుకుంది. "సబ్బా? పొగా? ఉల్లిపాయా? నేనేమీ పూసుకోలేదే!"

"సబ్బు కాదండీ. నెల నుంచి నాకు ముక్కు కొంచెం కొంచెం తిరిగొస్తోంది. సబ్బులన్నీ నాకు తెలుసు. ఇది ఏ సబ్బూ కాదు." మళ్లీ మెల్లగా ఊపిరి పీల్చాడు. "మీరేనండీ."

మా పిన్నికి ఆ మాట అర్థం కావడానికి ఇంకో స్టాపు పట్టింది. పంతొమ్మిదేళ్లు తనకు వాసనే లేదని రాసుకున్న మనిషి. ఆ వాసన కోసమే దోమలు ఇరవై ఆరేసి చొప్పున వస్తున్నా, తనకంటూ ఒక వాసన ఉందని ఒక్కసారి కూడా తోచని మనిషి. "బాగుంటుందా?" అని అడిగింది, చిన్నపిల్లలా.

"నాకు పోల్చి చెప్పడానికి ఏమీ దొరకడం లేదండీ" అన్నాడు ఆయన. పిన్ని దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఎవరూ చెప్పలేదు. డ్రైవరుతో సహా.

పెళ్లికి ముందు డాక్టరమ్మ ఆయన్ని పరిశోధనశాలకు రప్పించింది. "ఎవరి కోసం నా దోమలు చావబోయాయో ఒకసారి చూడనీ" అంది. చూసి ఊరుకోకుండా గొట్టం దగ్గర ఒక నోట పిన్ని చెయ్యి, ఇంకో నోట ఆయన చెయ్యి పెట్టించింది. ముప్ఫై దోమలు బయలుదేరాయి. ఎనిమిది పిన్నివైపు వచ్చాయి. ఇరవై రెండు ఆయన్ని చేరాయి!

"మళ్లీ చెయ్యండి" అంది పిన్ని.

మళ్లీ చేశారు. ఇరవై మూడు.

"ఈ చేత్తోనే పెంచానే మిమ్మల్ని!" అని పిన్ని వల దగ్గర మొహం పెట్టి దోమలను తిట్టింది. ఇరవై ఏళ్లు సెంటు చాటున దాక్కున్న చెయ్యి బయటపడింది. కాబోయే మొగుడి చేతిలో పంతొమ్మిదేళ్ల రికార్డు పోయినందుకు ఆవిడ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఇంటికొచ్చి, "ఏమైనా అను, మంచి ముక్కున్న దోమలే" అంది గర్వంగా.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. ఏడూ నలభై బస్సు మొత్తం వచ్చింది. వచ్చినవాళ్లందరూ సుద్దముక్క సబ్బుతో స్నానం చేసి రావాలని అమ్మ ముందే చాటింది. నేనూ చేశాను. నలభై మంది ఒక గదిలో నిలబడితే గదిలో ఏ వాసనా లేదు. రిజిస్ట్రారు తనకు జలుబు చేసిందేమోనని రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాడు.

తర్వాత సోమవారం పిన్ని పనికి వెళ్లింది. ఇది నాకు గుమ్మం దగ్గరి కాపలా ఆయన చెప్పాడు. సబ్బు గడిలో రాసింది: వాసన లేనిది. నూనె గడిలో: లేదు. ఆఖరి గడి దగ్గర కలం ఆగిపోయింది.

"ఏమీ లేదని రాసెయ్యండమ్మా" అన్నాడట కాపలా ఆయన. "పెళ్లయినవాళ్లందరూ అలాగే రాస్తున్నారు. ఆయనకిప్పుడు వాసన కూడా లేదుగా. వేరే ఏదైనా రాశారో, మీ చెయ్యి పక్కన పెట్టేస్తారు. ఒకటో నంబరు పోతుంది."

"తెలుసు" అంది పిన్ని.

ఎడమచేతివైపు ఒకసారి చూసుకుందట. పంతొమ్మిదేళ్ల చెయ్యి. దానిమీద ప్రేమ లేదని కాదు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కాసేపు ఏడ్చింది కూడా. ఆ గదిలో గుడ్లు నానబెట్టడం, మేత చల్లడం ఇప్పటికీ ఆవిడే చేస్తుంది, గొట్టం దగ్గర మాత్రం వేరే చేతులున్నాయి. కానీ అప్పుడు గుమ్మం దగ్గర, "ఒకసారి అబద్ధం రాశాను. ఇక చాలు. అసలు ఆ పంతొమ్మిదేళ్లదీ నిజం కాదు" అని, వంగి, గుండ్రటి అక్షరాలతో ఆ గడి నింపి లోపలికి వెళ్లిపోయింది.

ఇతర వాసనలు: మా ఆయన.

పదింటికి డాక్టరమ్మ వచ్చి పుస్తకం తిరగేసింది. ఆ వరుస దగ్గర ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఎర్రసిరా కలం అడిగి తీసుకుని, దాని పక్కనే రాసి సంతకం పెట్టింది: ఆమోదించడమైనది.